శనివారం కుర్చీ, ఆదివారం ఆట

మా ఇంట్లో టీవీలో క్రికెట్ మ్యాచ్ నడుస్తున్నప్పుడు ఒక కట్టుబాటు ఉంది. మనవాళ్ళు బాగా ఆడుతున్నంతసేపూ ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడే ఉండిపోవాలి. సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చున్నవాళ్ళు చాపకూడదు. నిలబడ్డవాళ్ళు కూర్చోకూడదు. ఒకసారి నేను సాంబారు గరిటె పట్టుకుని హాల్లోకి తొంగిచూసిన క్షణంలోనే మనవాడు సిక్సర్ కొట్టాడు. ఇక ఆ జంట విడిపోయేదాకా గరిటెతో సహా గుమ్మంలోనే నిలబడిపోయాను. సాంబారు అడుగంటింది. మా ఆయనా ఆయన స్నేహితులూ దానికి నొచ్చుకోలేదు సరికదా, గెలుపులో నా వాటా కూడా ఉందని చప్పట్లు కొట్టారు.

నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. ఎవరు ఏ సోఫాలో కూర్చున్నారో చూసి గెలుపోటములు పంచిపెట్టే తీరిక భగవంతుడికి ఉంటుందని అనుకోను. అయినా నమ్మకం ఎవరిదైనా సరే, వెక్కిరించడం నాకు చేతకాదు. పైగా ఇంటినిండా మనుషులు, పళ్ళేల చప్పుడు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట, ఇదంతా నాకు ఇష్టం. చిన్నప్పుడు నాకు అది లేదు మరి.

మా నాన్నగారు కాలువ లాకుల దగ్గర ఉద్యోగి. పడవలు వచ్చినప్పుడు తలుపులు తెరిపించడం, నీళ్ళు ఎక్కువైతే వదిలించడం ఆయన పని. మా క్వార్టరు ఊళ్ళన్నింటికీ దూరంగా, చుట్టూ నీళ్ళతో, ఒంటరిగా ఉండేది. బడి చాలా దూరం. నాకేమో ఉబ్బసం. అందుకని పదో తరగతి దాకా నాన్నగారే వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పి, పరీక్ష ప్రైవేటుగా కట్టించారు. లెక్కలు, పద్యాలు, హిందీ అన్నీ అక్కడే. అంత ఓపికున్న గురువు నాకు మళ్ళీ దొరకలేదు. దీపం వెలిగించేటప్పుడు ఇప్పటికీ ముందు ఆయనకే దణ్ణం పెట్టుకుంటాను. లోటల్లా ఒకటే. అమ్మతో అష్టాచెమ్మా తప్ప నేను ఇంకే ఆటా ఆడలేదు. జట్టు అనే మాట పుస్తకాల్లో చదవడమే.

ఆ మాటకి అర్థం అమెరికాలో ఈ టెక్సాస్ ఊరు ప్లేనో వచ్చాక, నలభై దాటాక తెలిసింది. మా కాలనీ పక్క పార్కులో ఆదివారాలు ఎండ ముదరకముందే ఆడవాళ్ళం టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతాం. నన్ను వికెట్ కీపర్‌ని చేశారు. పూజ దగ్గర కూర్చుని లేచి, కూర్చుని లేచి అలవాటుపడ్డ మోకాళ్ళు కాబట్టి కీపింగ్‌కి పనికొస్తాయని వాళ్ళ లెక్క. బంతి నా చేతిలో పడ్డప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు "అక్కా, సూపర్" అంటారు. ఈ వయసులో ఇంత సంతోషం రాసిపెట్టి ఉందని లాకుల దగ్గర ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

ఎదురింటి అమ్మాయి ఆ జట్టులోకి రావడం కూడా అలా అనుకోకుండా జరిగిందే. ఒక సాయంత్రం మా అమ్మాయి గరాజ్ తలుపుకేసి బంతి విసురుతోంది. అప్పటికి దానికి పదహారేళ్ళు. రోడ్డుకి అవతల చెత్తడబ్బా లోపలికి లాక్కెళ్తున్న పిల్ల ఆగి, చాలాసేపు చూసి, డబ్బా అక్కడే వదిలేసి మా డ్రైవ్‌వేలోకి వచ్చింది. బంతి అడిగి తీసుకుని, మణికట్టు తిప్పి ఒక్కటి వేసింది. అది నేల మీద ఒకవైపు పడి, ఏదో గుర్తొచ్చినట్టు రెండోవైపు తిరిగింది. మా అమ్మాయి "వెయిట్, వాట్?" అంది. అదే వాళ్ళ పరిచయం.

ఆ పిల్లది అఫ్గానిస్తాన్. ఇరవై రెండేళ్ళు. అన్నావదినలతో వచ్చింది. అక్కడ ఎత్తు గోడల మధ్య, ఆడపిల్లల బడి పెరట్లో ఆడటం నేర్చుకుంది. జిల్లా జట్టుకి కూడా ఆడింది. ఆ తర్వాత అక్కడ పాలకులు మారారు, పెద్ద తరగతుల ఆడపిల్లలకి బళ్ళు మూశారు, ఆటలూ ఆగిపోయాయి. నీ బ్యాట్ ఏమైందని మా అమ్మాయి ఒకసారి అడిగితే, "పొయ్యిలో పెట్టాం, ఎవరైనా ఇల్లు వెతుకుతారేమోనని" అని, ఆ వెంటనే, "ఆ రోజు రొట్టెలు బాగా కాలాయి" అని నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు.

నాతో ఆ పిల్ల హిందీలో మాట్లాడుతుంది. ఆమెది టీవీ సీరియళ్ళు చూసి నేర్చుకున్న హిందీ. నాది నాన్నగారు పరీక్షలకి చెప్పిన హిందీ. నేను నోరు విప్పితే రేడియోలో వార్తలు మొదలైనట్టు ఉంటుందని ఆమెకి సరదా. నేను ఇంట్లోనే చదువుకున్నానని ఒకరోజు గర్వంగా చెప్పాను. "మా చిన్నాన్న కూతురు కూడా ఇప్పుడు ఇంట్లోనే చదువుతోంది ఆంటీ, కిటికీలు మూసుకుని" అంది. అప్పటినుంచి నేను ఆ మాట ఎవరికైనా చెప్పేముందు కొంచెం ఆగుతున్నాను.

ఆ పిల్ల అడిగింది ఒక్కటే. ప్రతి వేసవిలో మా తెలుగువాళ్ళ సంఘం పిక్నిక్ జరుగుతుంది. అందులో మా ప్లేనో ఆడవాళ్ళకీ పక్క ఊరు ఫ్రిస్కో ఆడవాళ్ళకీ ఒక మ్యాచ్ ఉంటుంది. నిజమైన స్టంపులు, తెల్ల టోపీ పెట్టుకున్న అంపైరు, స్కోరుబోర్డు అన్నీ ఉంటాయి. "ఆదివారాల ఆట బాగుంటుంది ఆంటీ. కానీ అంపైర్ ఉన్న మ్యాచ్ ఆడి ఎన్నేళ్ళయిందో. అందులో నన్ను ఆడనిస్తారా?" అని అడిగింది.

అడ్డం మా ఆయనే. పిక్నిక్‌లో ఆటల బాధ్యత ఆయనది. అంతకు ముందు ఏడాది ఫ్రిస్కోవాళ్ళు ఎక్కడో కాలేజీ టీముకి ఆడే అమ్మాయిని తీసుకొచ్చి మమ్మల్ని చిత్తుగా ఓడించారు. దాంతో మా ఆయన కమిటీలో పట్టుబట్టి మరీ, సంఘం సభ్యుల కుటుంబాలవాళ్ళు తప్ప బయటివాళ్ళు ఆడకూడదని రూలు పెట్టించారు. ఇప్పుడు ఎదురింటి పిల్ల కోసం ఆ రూలు ఎలా తీయడం?

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. పిక్నిక్ ఆదివారం. దానికి ముందు శనివారం పొద్దున ఇండియాకీ అఫ్గానిస్తాన్ మగవాళ్ళ జట్టుకీ ప్రపంచకప్ మ్యాచ్. కరీబియన్ దీవుల్లో ఆడుతున్నారు కాబట్టి మనకి టిఫిన్ల వేళకే వస్తుంది. మా ఆయన స్నేహితులందర్నీ పిలిచేశారు. బుధవారం అన్నాల దగ్గర మా అమ్మాయి కంచం పక్కకి జరిపింది.

"నాన్నా, సాటర్‌డే మన ఇంట్లో ఆ మ్యాచ్ పెట్టొద్దు."

"ఏ మ్యాచ్?" అన్నారు మా ఆయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. ఆయనది కరీంనగర్ వైపు. ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసినా ఇంట్లో భాష మారలేదు.

"ఏ మ్యాచో నీకు తెలుసు. అక్కడ గర్ల్స్‌ని ఆడనివ్వరు. బాయ్స్ టీమ్ మాత్రం వరల్డ్ అంతా తిరుగుతది. మనం చూసి క్లాప్స్ కొడతాం. దట్స్ రాంగ్."

"ఆ పోరగాళ్ళేం జేసిన్రు బిడ్డా? రూల్ వాళ్ళు పెట్టిన్రా? ఆట ఆటనే, రాజకీయం రాజకీయమే. రెండు కలిపితే రెండూ ఖరాబైతయ్."

"సౌత్ ఆఫ్రికాని అందరూ కలిసి ఆపేశారు కదా. నువ్వే చెప్పావ్ నాకు. వాళ్ళు మారాక మళ్ళీ రానిచ్చారని."

"అది వేరే."

"హౌ?"

ఎలా వేరో చెప్పడానికి ఆయనకి కొన్ని ముద్దల సేపు పట్టింది. "అక్కడ మొత్తం దునియా ఒక మాట మీదికొచ్చింది. ఇప్పుడు గట్ల లేదు. ఇగ దేశం దేశం తప్పులు లెక్క తీస్తే ఎవ్వలతోని ఆడతం? ఈడ లేవా, మన దగ్గర లేవా? అందర్నీ ఆపుకుంట పోతే ఆఖరికి నువ్వు, నేను, ఈ బ్యాక్‌యార్డు మిగులుతం. అప్పుడు గూడ నువ్వు నాకు బ్యాటింగ్ ఇయ్యవు."

నవ్వొచ్చింది దానికి. మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది. "ఓకే. స్పోర్ట్స్ వేరు, పాలిటిక్స్ వేరు. అయితే సండే తనని ఆడనివ్వు."

"అది పాలిటిక్స్ గాదు. రూలు."

"రూల్ నువ్వే పెట్టావ్."

"అందుకే నేను తప్పద్దు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పెరుగు వడ్డిస్తున్నాను. ఇద్దరి మాటా సగందాకా నిజమనే అనిపించింది నాకు. ఆ మిగతా సగం ఎక్కడుందో తెలీలేదు.

"మ్యాచ్ చూడొచ్చో లేదో ఆ పిల్లని ఎవరైనా అడిగారా?" అన్నాను.

"అడిగితే హర్ట్ అవుతుంది అమ్మా. నేను ఆల్రెడీ టెక్స్ట్ చేశాను, మనం చూడట్లేదని. థమ్స్అప్ పెట్టింది."

"చూడట్లేదని ఎవ్వలు చెప్పిన్రు?" అన్నారు మా ఆయన. అక్కడితో ఆ పూట అన్నాలు ముగిశాయి.

శనివారానికి ఇంట్లో రాజీ కుదిరింది. హాల్లో మ్యాచ్ ఉంటుంది. మేడ మీద తన గదిలో మా అమ్మాయి తలుపేసుకుంటుంది. తలుపుకి "నో మ్యాచ్ హియర్" అని కాగితం కూడా అంటించింది. నేను తెల్లవారుజామునే లేచి ఇడ్లీ పెట్టి, మొదటి వాయి దేవుడి దగ్గర ఉంచి, తర్వాత కిందవాళ్ళకీ పైవాళ్ళకీ ఒకే చట్నీతో వడ్డించాను.

ముందు అఫ్గాన్‌వాళ్ళు ఆడారు. బాగానే కొట్టారు. హాల్లో ఆ కాసేపూ మాటలు తగ్గాయి. మధ్య విరామంలో కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఎదురింటి పిల్ల. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, అందులో ఆలుగడ్డ కూరి కాల్చిన రొట్టెలు. బోలానీ అంటారు వాళ్ళు. ఒంటి మీద వాళ్ళ జట్టు చొక్కా. అదీ నీలమే, మనదీ నీలమే. హాల్లోంచి ఎవరో "వచ్చిందండీ, మన పార్టీ ఇంకో మనిషి" అన్నారు.

"ఆంటీ, మా ఇంట్లో ఆ ఛానల్ రాదు," అంది హిందీలో. "అన్నయ్య డ్యూటీకి వెళ్ళాడు. ఫోన్లో స్కోరు మాత్రం చూసుకుంటున్నాను. మీరు చూడట్లేదని తను మెసేజ్ పెట్టింది. కానీ మీ అంకుల్స్ కేకలు మా వంటింట్లోకి వినిపిస్తున్నాయి."

మెట్ల మీద చప్పుడయింది. మా అమ్మాయి సగం మెట్లు దిగి ఆగిపోయింది. దాని మొహం చూస్తే జాలేసింది.

"నువ్వు చూస్తావా? ఐ వాజ్ డూయింగ్ దిస్ ఫర్ యూ."

"ఐ నో," అంది ఆ పిల్ల. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. "నువ్వు చూడకు. ఎవరో ఒకరు చూడకుండా ఉండాలి, అది నాకు కావాలి. కానీ నేను ఉండలేను. వాళ్ళు ఇంకా మా పాత జెండాతోనే ఆడతారు. అది నాకు ఇంకెక్కడా కనిపించదు."

మా అమ్మాయి కిందికీ రాలేదు. వెనక్కి గదిలోకీ వెళ్ళలేదు. మెట్ల మీదే, టీవీకి వీపు పెట్టి కూర్చుంది. దానికెదురుగా గోడ, ఆ గోడకి మా నాన్నగారి ఫోటో తప్ప ఇంకేమీ లేవు.

మనవాళ్ళ బ్యాటింగ్ మొదలైంది. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోయాడు. తర్వాతివాడు కూడా అంతే. మా ఆయన తన వాలుకుర్చీ లోంచి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. సోఫాలన్నీ నిండి ఉన్నాయి. ఆ పిల్ల నిలబడి చూస్తోందని నేనే అన్నాను, ఆ కుర్చీలో కూర్చోమని.

ఆమె కూర్చోగానే ఫోరు పడింది. ఆ వెంటనే సిక్సర్.

హాల్లో అందరి తలలూ కుర్చీ వైపు తిరిగాయి. సంఘం ప్రెసిడెంటు గారు నెమ్మదిగా, పసిపిల్లని నిద్రలేపకుండా మాట్లాడేవాళ్ళలా, "అమ్మా, డోంట్ మూవ్, ప్లీజ్," అన్నారు. ఆయనది భీమవరం. ఉండేది ఫ్రిస్కో. ఆయన భార్యే ఫ్రిస్కో ఆడవాళ్ళ జట్టు కెప్టెన్.

కట్టుబాటు ఏమిటో ఆ పిల్లకి మా ఆయన వివరించారు. ఆమె శ్రద్ధగా విని, "కానీ అంకుల్, నేను అటువైపు," అంది.

"ఎటువైపన్నా గానీ తల్లీ, కుర్చీకి తెలవదు గదా."

ఆ జంట నిలబడిపోయింది. ఓవర్ తర్వాత ఓవర్. ఆ పిల్ల అవస్థ చూడాలి. తన జట్టు ఓడిపోతుంటే తనే కారణమన్నట్టు అందరూ తనకి థాంక్స్ చెబుతున్నారు. టీ తెచ్చి చేతికే ఇచ్చారు. బోలానీ ముక్కలు చేసి అందించారు. కాలు జాపబోతే వద్దన్నారు. నేను టీ కప్పులు తీయడానికి వెళ్ళి గుమ్మంలో ఇరుక్కుపోయాను, ఎప్పటిలాగే. చివరి ఓవర్లు దగ్గరపడ్డాయి. అఫ్గాన్ జట్టులో పేరున్న లెగ్ స్పిన్నర్ చేతికి బంతి వచ్చింది. ఆ పిల్ల వేసే బంతి కూడా అదే. ఆమె కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించింది.

"లేస్తున్నాను," అంది.

"నో, నో, నో," అన్నారు గదిలో మగవాళ్ళందరూ.

"మా వాడు వేస్తున్నాడు. నేను లేవాలి."

"కూర్చోమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నారు ప్రెసిడెంటు గారు తెలుగులోనే, ఆమెకి అర్థమవుతుందో లేదో చూసుకోకుండా.

ఆమె మా ఆయన వైపు తిరిగింది. "అంకుల్, కూర్చుంటాను. నా టీమ్‌కి ఎదురుగా, ఆఖరి బంతి దాకా కూర్చుంటాను. కానీ రేపు నేను ఆడతాను."

మెట్ల మీద మా అమ్మాయి తల తిప్పింది. టీవీ వైపు కాదు, తండ్రి వైపు.

"అది రూలు తల్లీ..." అన్నారు మా ఆయన.

ఆమె కుర్చీలోంచి కొంచెం పైకి లేచింది. టీవీలో బౌలరు పరుగు మొదలుపెట్టాడు.

"ఒప్పుకో బావా, ఒప్పుకో," అన్నారు ప్రెసిడెంటు గారు.

"అవతల నీ భార్య టీమే గదనే."

"అది రేపటి సంగతి. ఇప్పుడు లేస్తే వికెట్ పోద్ది."

"సరె, కూసో. మొక్కుకున్నట్టే అనుకో. ఆడుదువు," అన్నారు మా ఆయన. ఆమె కూర్చుంది. బంతి బ్యాట్ అంచు పక్కనుంచి వెళ్ళి కీపర్ చేతిలో పడింది. అంతే, ఔట్ కాలేదు.

చివరి ఓవర్లో మనవాళ్ళు గెలిచారు. అందరూ లేచి ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. ఆ పిల్ల కూడా లేచి, అందరికీ కంగ్రాట్స్ చెప్పి, ఖాళీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వచ్చింది. కుళాయి తిప్పి పళ్ళెం కడుగుతూ అలాగే నిలబడింది. పళ్ళెం ఎప్పుడో శుభ్రమైపోయింది.

"వాళ్ళు ఓడిపోతే ఏడుపొస్తుంది ఆంటీ," అంది. "గెలిస్తే కోపమొస్తుంది, మేం లేకుండానే గెలిచేశారని. నేనేం చేయాలి?"

ఇన్నేళ్ళ పూజల్లో ఇలాంటి ప్రశ్నకి జవాబు నేనెప్పుడూ అడగలేదు, దేవుడూ చెప్పలేదు. కుళాయి కట్టేసి, స్టూలు జరిపి, వేడి ఇడ్లీలు ముందు పెట్టి, "భోజన్ గ్రహణ్ కీజియే" అన్నాను. నాన్నగారు నేర్పిన మర్యాద అది. ఆమె ఒక్కసారి నా మొహం చూసి, వార్తలు చదివినట్టుందని పడిపడి నవ్వింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి రావడం నేను చూస్తుండగానే జరిగింది. మా అమ్మాయి వచ్చి ఆ పిల్ల పక్కనే ఇంకో స్టూలు వేసుకుని, అదే కంచంలో చెయ్యి పెట్టింది.

"నేను ఇంకా బ్యాన్ చేయాలనే అంటాను," అంది.

"అను," అంది ఆ పిల్ల. "నేనూ కొన్ని రోజులు అంటాను. ఏ రోజు అడిగావన్నదాన్ని బట్టి."

ఆ సాయంత్రం దీపం దగ్గర కూర్చుంటే నాకు పెద్దగా అడగాల్సిందేమీ కనబడలేదు. ఒకే కంచంలో రెండు చేతులు చూపించినందుకు దణ్ణం పెట్టుకుని లేచాను.

ఆదివారం పార్కులో పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. షామియానా కింద పులిహోర, చల్లమిరపకాయలు, మజ్జిగ. మా జట్టు వరసలో ఎదురింటి పిల్లని చూడగానే ఫ్రిస్కో కెప్టెన్, అంటే ప్రెసిడెంటు గారి భార్య, నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చింది.

"అన్నయ్య గారూ, బయటివాళ్ళు వద్దన్న రూలు మీదే కదండీ. మేం ఆ అమ్మాయిని తెచ్చినప్పుడు ఎంత గొడవ చేశారు. ఇప్పుడు మీ ఎదురింటివాళ్ళైతే సరేనా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా ఆయన టోపీ సర్దుకున్నారు. ప్రెసిడెంటు గారు తన బూట్ల లేసులు చూసుకుంటున్నారు. ఎదురింటి పిల్లకి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. చేతిలో బంతి మెల్లిగా నేలమీద పెట్టేసింది. ఎవరూ అడక్కుండానే అలా పెట్టేయడం, ఆమెకి అలవాటైన పనిలా ఉంది. అది నేను చూడలేకపోయాను.

కీపింగ్ గ్లవ్స్‌తోనే వెళ్ళాను. "వదినా, నిన్న మా ఆయన ఒక మొక్కు మొక్కారు. మీ ఆయనే దగ్గరుండి మొక్కించారు," అని కుర్చీ సంగతి మొత్తం చెప్పాను.

ఆమె భర్త వైపు తిరిగింది. "నిజమేనా?"

"ఆ టైంలో ఏదో..."

"మనసులో అనుకున్నారా, నోటితో అన్నారా?"

"నోటితోనే. అందరూ విన్నారు."

ప్రతి కార్తీక మాసంలో మా అందరితో దీపాలు పెట్టించే మనిషి ఆవిడ. కుర్చీ మహిమ మీద నాకు నమ్మకం లేదు గానీ, ఇచ్చిన మాట మీద ఉంది. ఆవిడకి రెండింటి మీదా ఉన్నట్టుంది.

"ఎల్లుండి సెమీఫైనల్ కదండీ," అంది చివరికి భర్తతో. "మొక్కు నెత్తిన పెట్టుకుని సెమీఫైనల్ ఎలా చూద్దామనుకున్నారు? ఆ పిల్లని ఆడించండి. రూలు వచ్చే మీటింగులో మార్చుకుందురు గాని, ముందు తీర్చాల్సింది తీర్చండి." తర్వాత ఎదురింటి పిల్ల వైపు తిరిగి ఇంగ్లీషులో, "నువ్వు ఆడు. కానీ నా వికెట్ జోలికి రాకు," అంది.

ఆ పిల్ల వంగి బంతి తీసుకుంది. మొదటి బంతి వైడ్. రెండోది ఇంకా పెద్ద వైడ్. నేను వికెట్ల వెనక కూర్చుని, నా వార్తల హిందీలో "ధైర్య్ రఖియే" అని అరిచాను. మా అమ్మాయి స్లిప్‌లో నిలబడి "అమ్మా, స్టాప్," అంది. మూడో బంతికి ఫ్రిస్కో కెప్టెన్ ముందుకొచ్చి ఆడబోయింది. బంతి ఒకవైపు పడి, ఏదో గుర్తొచ్చినట్టు రెండోవైపు తిరిగి, బ్యాట్‌కీ కాలికీ మధ్య నుంచి వెళ్ళి స్టంప్‌ని పడగొట్టింది.

కెప్టెన్ పడ్డ స్టంప్ వైపు చూసి, పిల్ల వైపు చూసి, "చెప్పాను కదే నీకు," అంది. అని వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల బుగ్గ గిల్లింది.

మా బ్యాటింగ్‌లో ఆ పిల్ల, మా అమ్మాయి కలిసి ఆడారు. గెలుపు దగ్గరికి తీసుకొచ్చేశారు కూడా. అప్పుడు ఫ్రిస్కో కీపర్ క్యాచ్ పట్టి గట్టిగా అరిచింది. అంపైరుగా ఉన్న మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వేలెత్తారు.

"నాట్ ఔట్ అంకుల్," అంది ఎదురింటి పిల్ల. "బ్యాట్‌కి తగల్లేదు."

"తగిలింది తల్లీ."

"తగల్లేదు. నిన్న లేవనివ్వలేదు, ఇవాళ ఉండనివ్వరా?"

"నిన్నటి సంగతి నిన్న. ఆట ఆటనే."

అవతలి క్రీజులోంచి మా అమ్మాయి, "ఇప్పుడు మాత్రం నువ్వన్నది కరెక్ట్ నాన్నా," అంది. ఆ పిల్ల దాని వైపు ఉరిమి చూసింది. ఇంకా రెండు మాటలు అంపైర్‌తో అని, బ్యాట్ నేలకేసి కొట్టుకుంటూ, షామియానా దాకా తనలో తను గొణుక్కుంటూ వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది. వంటింట్లో నేను చూసిన కోపం కాదది. ఔటయిన ప్రతివాళ్ళకీ వచ్చే మామూలు కోపం.

మేం ఓడిపోయాం. మా అమ్మాయి ఒంటరిగా ఎంత లాగినా చివర్లో నేను రనౌట్ అయ్యాను. పూజ మోకాళ్ళు కూర్చోవడానికీ లేవడానికీ పనికొస్తాయి గానీ పరుగుకి కాదు. వచ్చి షామియానా కింద ఆ పిల్ల పక్కన కూలబడ్డాను. పులిహోర పెట్టిన కాగితప్పళ్ళెం ఆమె చేతిలో ఉంది. ఇంకా తినడం మొదలుపెట్టలేదు.

"నిజంగా తగల్లేదు ఆంటీ."

"తెలుసు తల్లీ. నేను అటే చూస్తున్నాను. చప్పుడు వినబడలేదు."

"మరి అంకుల్‌కి చెప్పలేదేం?"

"నువ్వు పోట్లాడుతుంటే చూడటానికి బాగుంది," అన్నాను.

ఆమె నా వైపు అనుమానంగా చూసి, పులిహోరలోంచి ఒక వేరుశెనగ గింజ ఏరుకుని నోట్లో వేసుకుంది. తర్వాత పళ్ళెం పక్కన పెట్టి లేచి, స్టంపులు పీకుతున్న మా ఆయన దగ్గరికి మళ్ళీ అదే మాట చెప్పడానికి వెళ్ళింది.